కమ్యూనిటీ కాలేజీ నుంచి హక్కుల లాయర్ దాకా: కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక దారి

హక్కుల కేసులు చేసే లాయర్ కావాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని నన్ను అడిగేవాళ్ళలో చాలామంది హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలు, లేదా ఇక్కడే హైస్కూల్ పూర్తిచేసిన పిల్లలు. అందరికీ నేను చెప్పేది ఒకటే. లా స్కూల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో (మొదటి రెండేళ్ళ చదువు తక్కువ ఫీజుకి చెప్పే ప్రభుత్వ కాలేజీలో) చేరండి. ఆ మాట వినగానే తల్లిదండ్రుల ముఖం చిన్నబోతుంది. మన ఇళ్ళల్లో ఆ పేరుకి పెద్ద గౌరవం లేదు. "ఏం, బర్క్‌లీ రాలేదా?" అని పుట్టినరోజు ఫంక్షన్లలో అడుగుతారు. అడగనివ్వండి.

కారణం డబ్బు. పెద్ద కార్పొరేట్ ఫర్ముల్లో మొదటి ఏడాది లాయర్‌కి 2,25,000 డాలర్లు ఇస్తున్నారు. హక్కుల సంస్థల్లో అందులో మూడో వంతు వస్తే మంచి జీతం కిందే లెక్క. లా స్కూల్ నుంచి బయటికి వచ్చేనాటికి నెత్తిమీద పెద్ద అప్పు ఉంటే ఏ ఉద్యోగం చేయాలో ఆ అప్పే నిర్ణయిస్తుంది, మీరు కాదు. హక్కుల పని చేద్దామని వచ్చి, కంతులు కట్టడానికి కంపెనీల తరఫున వాదిస్తున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకి వేరే దారి మిగల్లేదు. అందుకే మొదటి రెండేళ్ళ చదువు ఎంత తక్కువలో అయితే అంత మంచిది.

నాది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్ళయింది, శాన్ హోసే వచ్చాను. ఇండియాలో డిగ్రీ పూర్తిచేసి వచ్చినవాళ్ళు మార్కుల లిస్టులు మదింపు చేయించుకుని నేరుగా లా స్కూల్‌కి అప్లై చేయొచ్చు. నాకు ఆ వీలు లేదు. కూపర్టినోలో ఉన్న డి ఆంజా కాలేజీలో చేరాను. ఇప్పటికీ ఆ నిర్ణయం నా జీవితంలో చాలా మంచి నిర్ణయం అనే అంటాను.

చేరడం

కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. పద్దెనిమిదేళ్ళు దాటిన ఎవరైనా చేరొచ్చు. అప్లికేషన్ ఆన్‌లైన్లో, ఉచితం. రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్ళకి ఫీజు సెమిస్టర్ యూనిట్‌కి (క్లాసులని యూనిట్లలో కొలుస్తారు) 46 డాలర్లు. డి ఆంజా లాంటి క్వార్టర్ పద్ధతి కాలేజీల్లో యూనిట్‌కి 31. యూనివర్సిటీకి మారడానికి 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే 90 క్వార్టర్ యూనిట్లు కావాలి. తొంభైని ముప్పై ఒకటితో గుణించండి: 2,790 డాలర్లు. దానికి పుస్తకాలు, చిల్లర ఫీజులు కలుపుకోండి. రెండేళ్ళ కాలేజీ చదువు అంతే.

ఈ ఫీజు దొరకాలంటే కాలిఫోర్నియాలో ఒక సంవత్సరం ఒక రోజు నివాసం ఉన్నట్టు చూపించాలి. ఇక్కడ వీసా రకం ముఖ్యం. హెచ్‌-4 వాళ్ళు నివాసం చూపించుకోవచ్చు. చదువుకోవడానికి వాళ్ళకి వేరే అనుమతి కూడా అక్కర్లేదు. స్టూడెంట్ వీసా ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్ళకి ఆ అవకాశం లేదు, వాళ్ళు ఎక్కువ ఫీజు కట్టాలి. కాగితాలు లేకుండా పెరిగిన పిల్లలకి 2001లో వచ్చిన ఏబీ 540 అనే చట్టం ఉంది. ఇక్కడ మూడేళ్ళు హైస్కూల్ చదివి పాసైతే నివాసుల ఫీజే కట్టొచ్చు. 2017లో ఆ లెక్కలోకి కమ్యూనిటీ కాలేజీ, అడల్ట్ స్కూల్ చదువుని కూడా చేర్చారు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, డ్రైవింగ్ లైసెన్స్ మీ పేరు మీద ఉండాలి. మన ఇళ్ళల్లో అన్నీ భర్త పేరు మీదే ఉంటాయి. వచ్చిన మొదటి నెలలోనే కనీసం రెండు కాగితాలు మీ పేరుకి మార్పించుకోండి. ఇది కాలేజీ కోసమే కాదు. ఇంట్లో పరిస్థితి తారుమారైతే మీరు ఇక్కడ బతికారని రుజువు చేసేవి ఆ కాగితాలే.

చేరిన వారంలో కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. వెళ్ళే ముందు అసిస్ట్ అనే వెబ్‌సైట్ చూసి వెళ్ళండి. మీ కాలేజీలో ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అందులో ఉంటుంది. 2025 ఫాల్ నుంచి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్ అనే రెండు రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థలకీ కలిపి కాల్-గెట్‌సీ అని ఒకే జనరల్ ఎడ్యుకేషన్ పట్టిక వచ్చింది. పాత బ్లాగుల్లో చదివిన పట్టికలు నమ్ముకోవద్దు.

లా స్కూల్‌కి ఫలానా మేజరే ఉండాలన్న నియమం లేదు. మీకు మంచి మార్కులొచ్చేది, బాగా రాయడం నేర్పించేది తీసుకోండి. ఒక్క హెచ్చరిక. మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికొచ్చేలోపు కాలేజీలో తెచ్చుకున్న ప్రతి మార్కునీ లా స్కూళ్ళకి పంపే జీపీఏలో (మార్కుల సగటులో) కలుపుతారు. కమ్యూనిటీ కాలేజీ మార్కులు కూడా అందులోకి వస్తాయి. "ఇది చిన్న కాలేజీయే కదా" అని ఒక క్లాసు వదిలేస్తే అది నాలుగైదేళ్ళ తర్వాత మీ ముందుకొస్తుంది. క్లాసు మానేయాలనుకుంటే గడువులోపే డ్రాప్ చేయండి, ఎఫ్ పడనివ్వకండి.

పక్కన కూర్చున్నవాళ్ళు

నా సాయంత్రం క్లాసుల్లో పగలంతా ఇళ్ళు శుభ్రం చేసి వచ్చే మెక్సికో ఆవిడ ఉండేది. జైలు నుంచి వచ్చి మళ్ళీ చదువు మొదలుపెట్టిన ఒకాయన, వియత్నాం నుంచి వచ్చిన తాతగారు, ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నోట్సు రాసుకునే నల్లజాతి అమ్మాయి ఉండేవాళ్ళు. పేరున్న యూనివర్సిటీలో ఇలాంటివాళ్ళ గురించి పుస్తకాల్లో చదువుతారు. కమ్యూనిటీ కాలేజీలో వాళ్ళతో కలిసి గ్రూప్ ప్రాజెక్టు చేస్తారు. రేపు మీ క్లయింట్లు ఈ మనుషులే. వాళ్ళ షిఫ్టులు ఎలా ఉంటాయో, ఫోన్ ఎప్పుడు ఎత్తగలరో, గవర్నమెంటు ఆఫీసు అంటే ఎందుకు భయపడతారో లా స్కూల్‌కి వెళ్ళకముందే తెలిసిపోతుంది.

మా క్లాసులో నెల్లూరు అబ్బాయి ఒకడుండేవాడు, ఓ రెస్టారెంట్‌లో వంట పని. జీతం చేతికి క్యాష్‌లో ఇచ్చేవాళ్ళు. తర్వాత అదీ ఆపేశారు. "నీకు పేపర్లే లేవు, ఎవరికి చెప్పుకుంటావ్?" అన్నాడట ఓనరు. ఆ మాటతో వాడు నోరు మూసుకున్నాడు. ఒక రోజు క్లాసయ్యాక పార్కింగ్ లాట్‌లో నాతో చెప్పాడు. మా పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి తీసుకెళ్ళాను. ఆవిడ కార్మికులకి న్యాయసాయం చేసే ఓ లీగల్ క్లినిక్ నంబరిచ్చారు.

అక్కడ నాకు తెలిసిన విషయాలు ప్రతి తెలుగు స్టూడెంట్‌కీ తెలియాలి. కాలిఫోర్నియాలో జీతం అడగడానికి ఇమిగ్రేషన్ స్టేటస్‌తో సంబంధం లేదు. చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందే. లేబర్ కమిషనర్ దగ్గర క్లెయిమ్ వేయడానికి లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. కనీస వేతనం, ఓవర్‌టైమ్ బాకీలకి మూడేళ్ళ వెనక్కి అడగొచ్చు. పని మాన్పించాక జీతం బుద్ధిపూర్వకంగా ఎగ్గొడితే రోజుకో రోజు జీతం చొప్పున 30 రోజుల దాకా పెనాల్టీ పడుతుంది. జీతాల రికార్డు కాపీ రాతపూర్వకంగా అడిగితే యజమాని 21 రోజుల్లో ఇవ్వాలి.

అయితే రుజువేది? క్యాష్ కదా. వాడి ఫోన్లో "రేపు పదికి రా", "ఈ రోజు క్లోజింగ్ నువ్వే" అన్న వాట్సాప్ మెసేజ్‌లు నెలల తరబడి ఉన్నాయి. వాటిని తేదీలవారీగా ఒక కాగితం మీద రాసిపెట్టాం. చివరికి లేబర్ కమిషనర్ దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడే కాన్ఫరెన్స్‌లోనే సెటిల్ అయింది. నేను చేసింది తోడు వెళ్ళడం, తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రాయడం, అంతే. లాయర్ కావాలన్న నా కోరిక గట్టిపడింది మాత్రం అక్కడే.

కాబట్టి కాలేజీలో మొదటి క్వార్టర్ నుంచే ఈ ఒక్క పని నేర్చుకోండి: మనిషి చెప్పేది విని, తేదీలతో రాయడం. చెప్పినంత తేలిక కాదు. మనవాళ్ళు జరిగిన సంగతి చెప్పమంటే తగిలిన దెబ్బ దగ్గర్నుంచి మొదలుపెడతారు. "నన్ను కుక్కని చూసినట్టు చూశాడమ్మా" అంటారు. మధ్యలో ఆపకండి, మొదటిసారి మొత్తం చెప్పనివ్వండి. రెండోసారి అడగండి: అప్పుడు ఎక్కడ నిలబడ్డారు, ఎవరున్నారు, అన్న మాటలు ఏ భాషలో అన్నారు, సరిగ్గా ఏమన్నారు. తేదీ గుర్తులేదంటారు. "ఉగాదికి ముందా, తర్వాతా? పాపకి స్కూల్ ఉందా ఆ రోజు? ఇంటికి డబ్బు పంపాక జరిగిందా?" అని అడిగితే తేదీ దానంతటదే బయటికొస్తుంది. తిట్టిన తిట్టు తెలుగైతే తెలుగులోనే రాసి పక్కన అర్థం రాయండి. మెరుగులు దిద్దకండి. చివర్లో రాసింది చదివి వినిపించండి, వాళ్ళు మార్చమన్నది మార్చండి. లా స్కూల్లో దీనికి డిక్లరేషన్ అని పేరు పెట్టి నేర్పిస్తారు. నాకు అక్కడ కొత్తగా అనిపించలేదు.

ఎవరి పేరూ వాడకుండా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఇంట్లో పిల్లలకి గానీ స్నేహితులకి గానీ ఆ సంగతులు చెప్పకండి. మన కమ్యూనిటీ చిన్నది. సాయంత్రం ఒకరికి చెబితే మర్నాటికల్లా గుడిలో తెలిసిపోతుంది.

లైసెన్స్ రాకముందు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

లైసెన్స్ లేకుండా న్యాయ సలహా ఇవ్వడం కాలిఫోర్నియాలో నేరం. చట్టం ఇలా ఉందని సంస్థలు అచ్చువేసిన కాగితం చేతికివ్వొచ్చు, క్లినిక్‌కి తీసుకెళ్ళొచ్చు, అనువాదం చేయొచ్చు. "నీ కేసులో ఇలా చెయ్యి" అని మాత్రం అనకూడదు. మంచి మనసుతో ఇచ్చిన తప్పుడు సలహా వల్ల గడువులు దాటిపోయిన కేసులు ఇప్పుడు నా బల్ల మీదికి వస్తున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేషనల్ లాయర్స్ గిల్డ్ అనే సంఘం 1937 నుంచి ఉంది. ఊరేగింపుల్లో పోలీసుల ప్రవర్తనని గమనించి రాసే లీగల్ అబ్జర్వర్లకి వాళ్ళు శిక్షణ ఇస్తారు. ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని కనిపిస్తారు. స్టూడెంట్లూ నేర్చుకోవచ్చు. ఇమిగ్రేషన్ వైపు ఆసక్తి ఉంటే, గుర్తింపు ఉన్న సంస్థల్లో పనిచేస్తూ న్యాయశాఖ దగ్గర అక్రెడిటేషన్ తెచ్చుకుని, లాయర్ కాకపోయినా ఇమిగ్రేషన్ అర్జీల్లో జనానికి ప్రాతినిధ్యం వహించొచ్చు. లా స్కూల్ ఖర్చు భరించలేని వాళ్ళకి అదే పూర్తి జీవితపు పని కావచ్చు. నేను చాలా గౌరవించే ఒకావిడ లాయర్ కాదు, ఇదే పని చేస్తారు.

వీసా మీద ఉన్నవాళ్ళు రెండు విషయాలు చూసుకోవాలి. వాలంటీర్ పని నిజంగా వాలంటీర్ పనే అయి ఉండాలి. జీతమిచ్చి చేయించే ఉద్యోగాన్ని ఉచితంగా చేసినా ఇబ్బందే. ఎఫ్‌-1 వాళ్ళు ముందు కాలేజీలో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని) అడగండి. రెండోది, నిరసనల్లో అరెస్ట్ అయితే సిటిజన్‌కి అది ఒక రాత్రితో పోవచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళకి వీసాయే పోవచ్చు. అందుకని ఇంట్లో కూర్చోమని కాదు. కరపత్రం రాయడం, ఫోన్లు చేయడం, సిటీ కౌన్సిల్లో మాట్లాడటం, అనువాదం ఇవన్నీ ఉద్యమంలో భాగాలే. ఏ పని మీరు చేయగలరో ముందే ఆలోచించుకుని వెళ్ళండి.

అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో నల్లవాళ్ళని బస్సుల్లో వేరుగా కూర్చోబెట్టే నియమానికి వ్యతిరేకంగా జరిగిన బస్ బహిష్కరణ అంటే అందరికీ తెల్లవాళ్ళకి సీటివ్వని రోజా పార్క్స్ తెలుసు. 1955 డిసెంబర్ 1న ఆమెని అరెస్ట్ చేసిన రాత్రి, అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీష్ పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్ ఇద్దరు విద్యార్థుల్ని తోడు తెచ్చుకుని కాపీలు తీసే కాలేజీ మిమియోగ్రాఫ్ మెషీన్ మీద తెల్లారేదాకా, సోమవారం బస్సులెక్కొద్దని వేల కరపత్రాలు తీసింది. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. లాయరు ఫ్రెడ్ గ్రే అప్పటికి పాతికేళ్ళు నిండని కుర్రాడు. సొంత రాష్ట్రపు లా స్కూల్లో నల్లవాళ్ళని చేర్చుకోకపోవడంతో ఒహాయో వెళ్ళి లా చదివి, తిరిగి మాంట్‌గోమరీకే వచ్చాడు. 1956 ఫిబ్రవరిలో ఆ బస్సుల నియమం మీద అతను వేసిన బ్రౌడర్ కేసులో వాదులు నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో క్లాడెట్ కాల్విన్‌ని రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ళ వయసులో అరెస్ట్ చేశారు. 1956 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు గెలిపించింది. 381 రోజుల బహిష్కరణలో అప్పటికే చాలా రోజులు జనం నడిచే ఉన్నారు. కోర్టు కాగితం ఒక్కటే ఉంటే ఆ కేసు నిలిచేది కాదు, నడక ఒక్కటే ఉన్నా చట్టం మారేది కాదు. ఆ కాలేజీలో మెషీన్ తిప్పిన ఇద్దరు విద్యార్థుల చోటు ఇవాళ మీది.

యూనివర్సిటీ, లా స్కూల్

ట్రాన్స్‌ఫర్ విషయం త్వరగా చెప్పేస్తాను. యూసీలో డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ ఈ ఆరు క్యాంపస్‌లకి ట్యాగ్ అనే హామీ ఉంది. చెప్పిన క్లాసులు, చెప్పిన జీపీఏ ఉంటే సీటు ఖాయం. సెప్టెంబర్ నెలలో దాఖలు చేయాలి, ఒక్క క్యాంపస్‌కే. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియెగోకి ట్యాగ్ లేదు, మామూలుగా అప్లై చేయాలి. చేయండి. కమ్యూనిటీ కాలేజీ వాళ్ళని వాళ్ళు ప్రతి ఏటా పెద్ద సంఖ్యలో తీసుకుంటారు.

లా స్కూల్ ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో ఒకప్పుడు అందరికీ టెన్షన్ పెట్టిన లాజిక్ గేమ్స్ 2024 ఆగస్టు నుంచి లేవు. ఇప్పుడు లెక్కలోకి వచ్చేవి లాజికల్ రీజనింగ్ రెండు సెక్షన్లు, రీడింగ్ ఒకటి. స్కోరు 120 నుంచి 180. తెలుగు మీడియం వాళ్ళకి రీడింగ్ సెక్షన్ గట్టి దెబ్బ కొడుతుంది. వేగం మూడు నెలల్లో రాదు. కమ్యూనిటీ కాలేజీలో ఉన్నప్పటి నుంచే రోజుకో కోర్టు తీర్పు నాలుగు పేజీలు చదవండి. యిక్ వో కేసుతో మొదలుపెట్టండి, చిన్నది. శాన్ ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీలు నడపాలంటే పర్మిట్ కావాలని పెట్టి, చైనావాళ్ళకి మాత్రం ఇవ్వలేదు. పైకి అందరికీ ఒకటే చట్టం. 1886లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. రాజ్యాంగం పద్నాలుగో సవరణ ఇచ్చే రక్షణ పౌరులకే కాదు, ఇక్కడున్న ప్రతి మనిషికీ అంది. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న మనందరం దాని కిందే నిలబడి ఉన్నాం.

ఎల్‌శాట్ ఫీజు, అప్లికేషన్ ఫీజులు కట్టలేకపోతే మాఫీ ఉంది, అడగండి. లా స్కూళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తామని ఉత్తరం పంపితే దాన్ని చూపించి ఇంకో స్కూల్‌తో బేరమాడొచ్చు. మనకి బేరమాడటం తెలుసు కదా, ఇక్కడ మొహమాటపడకండి. ర్యాంకు పది స్థానాలు తక్కువైనా అప్పు లేకుండా చదివించే స్కూల్‌నే నేను ఎంచుకోమంటాను. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకి, పై చదువులకిచ్చే గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను లేదు. లా లాంటి చదువులకి ఫెడరల్ లోను ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 మించదు. అది కూడా సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు లాంటివారికే, హెచ్‌-4 వాళ్ళకి రాదు. లాభాపేక్ష లేని సంస్థలోగానీ గవర్నమెంటులోగానీ పనిచేస్తూ 120 నెలసరి కంతులు కడితే మిగతా ఫెడరల్ అప్పు మాఫీ చేసే పథకం 2007 నుంచి ఉంది. చేరే స్కూల్‌కి సొంతంగా అప్పు తీర్చే సాయం ఉందో లేదో కూడా అడగండి.

ఇంకో దారి చాలామందికి తెలియదు. కాలిఫోర్నియాలో లా స్కూల్‌కి వెళ్ళకుండా లాయర్ దగ్గరో జడ్జి దగ్గరో నాలుగేళ్ళు, వారానికి 18 గంటలు చదివి, లాయర్ లైసెన్స్ కోసం రాసే బార్ పరీక్ష రాయొచ్చు. దానికి ముందు రెండేళ్ళ కాలేజీ చదువు చాలు, అంటే కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ. మొదటి ఏడాది తర్వాత బేబీ బార్ అనే పరీక్ష పాసవ్వాలి. నేర్పించే లాయర్ దొరకడం కష్టం, తోటి విద్యార్థులు లేకుండా ఒంటరిగా చదవడం ఇంకా కష్టం. క్రమశిక్షణ ఉన్నవాళ్ళకే చెబుతాను.

లా స్కూల్లో చేరాక క్లినిక్‌లో పేరు రాయించుకోండి. మొదటి ఏడాది అయ్యాక, కావలసిన సబ్జెక్టులు చదివి సర్టిఫై చేయించుకుంటే, లైసెన్స్ ఉన్న లాయర్ పర్యవేక్షణలో స్టూడెంట్‌గానే కోర్టులో మాట్లాడొచ్చు. బార్ పరీక్ష రెండు రోజులు, ఫిబ్రవరిలో, జులైలో జరుగుతుంది. దాంతోపాటు నడవడిక విచారణ ఉంటుంది. పాత టికెట్లు, అప్పులు, కాలేజీలో గొడవలు అన్నీ అడుగుతారు. ఉన్నది రాసేయండి. జరిగినదాని కన్నా దాచడం వల్లే ఎక్కువ నష్టం.

"సిటిజన్ కాకపోతే లైసెన్స్ ఇస్తారా అక్కా?" అని అడుగుతారు. ఇస్తారు. సెర్జియో గార్సియా మెక్సికోలో పుట్టి, పసివాడిగా ఉన్నప్పుడు మొదటిసారి, పదిహేడేళ్ళకి మళ్ళీ ఇక్కడికి వచ్చాడు. బ్యూట్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో చదివాడు. తర్వాత చికో స్టేట్, ఆ తర్వాత కాల్ నార్తర్న్ అనే చిన్న లా స్కూల్. 2009లో బార్ పాసయ్యాడు. కాగితాలు లేవు. తండ్రి పెట్టిన గ్రీన్‌కార్డ్ అర్జీ 1995లోనే ఆమోదం పొందినా, 2014కి కూడా అతని వంతు రాలేదు. లైసెన్స్ ఇవ్వకూడదని ఫెడరల్ ప్రభుత్వమే వాదించింది. ఈలోపు రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. 2014 జనవరి 2న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అతనికి లైసెన్స్ ఇవ్వమంది. కమ్యూనిటీ కాలేజీలో చదివే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ నేను ఈ కేసు పేరు చెబుతాను.

పని మొదలయ్యాక

హక్కుల లాయర్ గోడ మీద పెద్ద సిద్ధాంతాలుండవు, గడువుల పట్టిక ఉంటుంది. ఉద్యోగంలో వివక్ష జరిగితే కాలిఫోర్నియాలో ఫిర్యాదుకి గడువు ఫెడరల్ ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే సంస్థకి) 300 రోజులు, రాష్ట్ర సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి మూడేళ్ళు. ఇల్లు అద్దెకివ్వడంలో వివక్షైతే ఫెడరల్ హౌసింగ్ శాఖకి ఏడాది. పోలీసులు కొట్టారనుకోండి, రాష్ట్ర చట్టం కింద పరిహారం కావాలంటే ఆ సిటీకో కౌంటీకో ఆరు నెలల్లో క్లెయిమ్ పెట్టాలి. ప్రభుత్వోద్యోగులు హక్కులు తొక్కితే దావా వేసే ఫెడరల్ సెక్షన్ 1983 కిందైతే ఇక్కడ రెండేళ్ళు. ఆ సెక్షన్ 1871 నాటిది, నల్లవాళ్ళ మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్‌ని అణచడానికి చేసిన చట్టం. 1976 నుంచి, గెలిస్తే మన ఫీజు ఓడినవాళ్ళు కట్టాలన్న నియమం కూడా ఉంది. పేదవాళ్ళ కేసులు ప్రైవేటు లాయర్లు తీసుకోగలుగుతున్నారంటే దానివల్లే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆరు నెలలు దాటాకే వస్తారు. అంతకాలం "ఎవరికైనా చెబితే పరువు పోతుంది" అని ఆగి ఉంటారు. ఈ గడువులు తెలుగులో ఒక పేజీ అచ్చువేసి పచారీ కొట్లలో, గుడిలో, చర్చిలో, మసీదులో పెట్టడం మీరు కాలేజీలో ఉండగానే చేయగలిగిన ఉద్యమం. అచ్చుకి ముందు ఒక లాయర్ చేత చూపించండి.

మనవాళ్ళు కొందరు అంటారు, "ఈ హక్కుల గొడవ నల్లవాళ్ళది, మనకెందుకు?" అని. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. 1964లో సివిల్ రైట్స్ చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే ఏడు దేశాలవారీ కోటాల్ని తీసేసిన ఇమిగ్రేషన్ చట్టం వచ్చాయి. మన డాక్టర్లు, ఇంజినీర్లు వచ్చింది ఆ తలుపులోంచి. దాన్ని తెరిపించిన పోరాటంలో దెబ్బలు తిన్నవాళ్ళు వేరు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేతాలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు, హంతకుడికి ఫెడరల్ హేట్ క్రైమ్ చట్టం కింద కూడా యావజ్జీవం పడింది. ఆ చట్టం కూడా ఆ పోరాటాల వారసత్వమే.

అలాగే మనలోపలి సంగతి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అలాంటిదే ఎస్‌బీ 403 అనే బిల్లు పాస్ చేస్తే అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు, ఉన్న చట్టాలే చాలన్నారు. చాలో చాలవో కేసులు వేస్తేనే తెలుస్తుంది. తెలుగు టీమ్‌లో ఇంటిపేరు, ఊరు అడిగి, జంధ్యం ఉందేమోనని వీపు తట్టి చూసి కులం ఆరా తీస్తారంటే తెల్ల జడ్జికి అర్థం కాదు. దాన్ని తేదీలతో, మాటలతో సహా ఇంగ్లీషులో రాయగలిగే లాయర్లు కావాలి. దళిత కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు ఈ దారిలోకి రావాలని నేను మరీ కోరుకుంటున్నాను. ఎల్‌శాట్‌కి నాతో కలిసి చదువుదామంటే శనివారం పొద్దున్న ఖాళీ పెట్టుకుంటాను.

ఆదివారం క్లినిక్ పెట్టాలనుకుంటే హాలు దొరకడం తేలిక, విడిగా తలుపేసుకునే చిన్న గది దొరికేదాకా మొదలుపెట్టకండి. పర్యవేక్షించే లాయర్ ఆ గంటల్లో అక్కడే ఉండాలి. భర్తనీ, అత్తగారినీ, ఓనర్ పంపిన "ఫ్రెండ్"నీ బయట కూర్చోబెట్టండి, వాళ్ళని అనువాదం చేయనివ్వకండి. ఎవరి మీద ఫిర్యాదో ముందు అడగండి. అవతలివాళ్ళు అప్పటికే మీ లాయర్ క్లయింటైతే ఒక్క మాట కూడా వినకుండా వేరే క్లినిక్‌కి పంపాలి. ఆ తర్వాత జరిగిన తేదీ రాసి, గడువు లెక్కకట్టి, ఆ గడువు తేదీ ఎర్ర సిరాతో ఫారం పైన రాయండి. ఫోన్ నంబరు ఒక్కటే తీసుకుంటే చాలదు. ఏ వేళ చేస్తే ప్రమాదం ఉండదో, వేరేవాళ్ళు ఎత్తితే ఏమని చెప్పాలో అడిగి ఫారం మీద రాసుకుని, ఆ వేళకే చేయండి.